పదిహేడో నంబరు దుప్పటి

బల్లార్షా స్టేషన్ ఎనుక,
బొగ్గు వ్యాగన్లు నిలబడి ఊపిరి తీసుకునే లైనుకు ఈవల
నగరపరిషత్ వాళ్ల రేకుల హాలు.
‘బేఘర్ నివారా’ అని మరాఠీల బోర్డు.
మనోళ్లు దాన్ని నివారణ అనుకుంటరు,
ఏ రోగానికమ్మా అని అడుగుతరు.

ముప్పై మంచాలు.
ముప్పై దుప్పట్లు, మూలకు నల్ల పెయింటుతోని నంబరు.
రాత్రి ఏడింటికి తలుపు తీస్త, పదింటికి ఏస్త.
పొద్దున ఆరింటికల్లా అందరు లేసి పోవాలె.
జరమొచ్చినోళ్లు పగలు ఉండొచ్చని రూలుల లేదు,
ఉండొద్దని కూడా లేదు.
ఆ సందుల ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో మూలుగుతనే ఉంటరు.

తాగొస్తే లోపలికి రానియ్యొద్దు.
ఓదెలు తాగకుండ వచ్చిన రాత్రి లేదు.
సిరొంచ కలప డిపోల ముప్పై ఏండ్లు
టేకు దుంగలు మోసిన భుజం అది, ఒకదిక్కు ఒరిగే ఉంటది.
గుమ్మంల నిలబడి నోరు తెరవడు,
పేరడిగితే తల ఊపుతడు.
నేను ముక్కు పక్కకు తిప్పుకొని పేరు రాస్త.
ఇద్దరికీ ఎరుకే.

సుమన్‌తాయి వరణ్-భాత్ వండుతది.
పప్పుల పులుపు లేదని మా తెలుగోళ్ల గొణుగుడు.
ఊరికె తినేటోళ్లకు రుచులెందుకని
కమిటీ మెంబరు ఒకాయన నవ్విండు.
ఆమె గంటె గిన్నెకు కొట్టి దులిపింది, అంతే.
తెల్లారి తన పైసలతోని పావుకిలో చింతపండు తెచ్చింది.

రిజిస్టర్ల ఐదో గడి: ‘కాయమ్‌చా పత్తా’.
ఇల్లు లేదని వచ్చినోళ్లను
నీ శాశ్వతమైన ఇల్లేడ అని అడిగే గడి.
ఒకడు రెండో నంబరు ప్లాట్‌ఫారం అన్నడు.
ఒకామె ‘మా ఆయన ఉన్న కాడ’ అన్నది,
జరసేపాగి, ‘అది కొట్టెయ్యి’ అన్నది.
ఆత్రం జంగుబాయి బొటనేలు సిరాకద్ది
కాలితోని నేలను తట్టి చూపెట్టింది,
‘గిదే రాయి.’
రాసిన.
ఆ రాత్రి సంది అందరికీ అదే రాస్తున్న.

తనిఖీకి సాహెబొచ్చిండు.
కొత్త చద్దర్లు పరిపిచ్చిండ్రు, ఫొటో దిగిండ్రు,
చద్దర్లు మడతపెట్టి జీపుల ఏసుకున్నరు.
రిజిస్టర్ తిప్పుతూ ఆయన వేలు ఐదో గడి కాడ ఆగింది.
‘పదకొండు గంటల జాగ కాయమ్ ఎట్లైతదమ్మా?’
‘మరి ఏం రాయాలె సార్?’
ఆయన పెన్ను టోపీ పెట్టి జేబుల ఏసుకున్నడు.
జీపు పోయినంక
ఓదెలు పకపక నవ్విండు, వాసన గుప్పుమన్నది.

జంగుబాయికి అంకెలు రావు.
దుప్పటి గుర్తుకు ఒక కొసన ముడి ఏసుకున్నది.
సంచిల సత్తు గిన్నె, తలకింద సంచి,
నిద్రల కూడా ఒక చెయ్యి గిన్నె మీదనే.
‘ఈడ ఎవలు దొంగిలిస్తరే’ అంటే
‘ఈడ కాదు, నిద్రల’ అన్నది.
మిరపకాయ ఏరుడుకు ఖమ్మం దిక్కు పోయే లారీ
మాఘంల వచ్చి ఆమెను ఎక్కించుకపోయింది.

మొన్న పోస్ట్‌మాన్ సైకిలు దిగి బోర్డు చదివి,
మళ్లా కవరు చదివి, మళ్లా బోర్డు చదివిండు.
జంగుబాయి పింఛన్ కాయితం.
పత్తా మాది.
ఇన్నేండ్లల్ల ఈ తలుపుకు వచ్చిన మొదటి ఉత్తరం.
సుమన్‌తాయి చేతులు తుడుచుకొని ముట్టి చూసింది,
ఓదెలు ఎలుతురుకు పట్టి చూసిండు, తలకిందులుగ.

కవరు రిజిస్టర్ల పెట్టిన.
పేజీలు తిప్పినప్పుడల్లా అదొక మెట్టు లెక్క తగులుతది.
దుప్పటి మాత్రం ఆపలేదు,
చలి ఎవలి కోసం ఆగుతది?
పదిహేడు ఇప్పుడు నాందేడ్ పిలగానికిచ్చిన.
వాడు సుతం అంకెలు చూస్తలేడు,
చీకట్ల చేతితోని తడిమి
ముడి దొరికినంక పండుకుంటుండు.
దోబీకి చెప్పిన,
ఎంత మురికున్నా ఉతుకు గాని
ఆ కొస ఇప్పకు.